తొలి ఆల్బంలలో రాక్ గిటార్: ఏడింటిలో దేనితో మొదలుపెట్టాలి?

రాక్ గిటార్ వినడం కొత్తగా మొదలుపెట్టినవారూ, గిటార్ కొనుక్కుని ఏడాది గడిచినా సాధనను ఎటు మళ్లించాలో తేల్చుకోలేనివారూ తరచుగా ఒకే చోట ఆగిపోతుంటారు. గొప్ప ఆల్బంల జాబితాలు వంద పేర్లు చెబుతాయి గానీ, ఆ వందలో ముందు ఏది చేతిలోకి తీసుకోవాలో, ఎవరికి ఏది సరిపడుతుందో చెప్పవు. అందుకే ఇక్కడ పరిధిని కావాలనే కుదించాను. ఒక బృందం తన పేరు మీద విడుదల చేసిన మొట్టమొదటి స్టూడియో ఆల్బం అయి ఉండాలి, దాన్ని ప్రధానంగా గిటార్ వాదన కోసమే వినదగి ఉండాలి. ఈ రెండు షరతులకు నిలిచినవాటిలో ఏడింటిని ఎంచుకున్నాను.

తొలి ఆల్బంలే ఎందుకంటే, మొదటిసారి స్టూడియోలోకి అడుగుపెట్టే బృందానికి సాధారణంగా డబ్బూ తక్కువ, సమయమూ తక్కువ. అప్పటికే క్లబ్బుల్లో రాత్రుల తరబడి వాయించి చేతికి పట్టిన పాటలనే అక్కడ వాయిస్తారు. కాబట్టి స్టూడియో చేసే మాయ కన్నా వేళ్లు చేసే పని స్పష్టంగా వినిపిస్తుంది. లెడ్ జెప్పెలిన్ తమ ఆల్బంను దాదాపు 36 గంటల స్టూడియో సమయంలో ముగించారు, బ్లాక్ సబ్బాత్‌కు ఒక్క రోజే దొరికింది. గిటార్ నేర్చుకునేవారికి ఈ తొందర ఎంతో మేలు చేసింది.

ముందుగా కొలమానాలు

మొదటిది, ఆ ఆల్బం వచ్చిన తరువాత ఇతరులు గిటార్ వాయించే తీరు మారిందా అన్నది. రెండవది, గిటార్ పాటను నడిపిస్తోందా, లేక గాయకుడు ఊపిరి తీసుకునే సందుల్లో అలంకారంగా వచ్చి పోతోందా అన్నది. మూడవది, వాదన ఎంత విడిగా వినిపిస్తుందన్నది; ఒకే గిటార్ ఉన్న ఆల్బంలో ప్రతి మీటు పట్టుకోవచ్చు, నాలుగైదు పొరలు ఒకదాని మీద ఒకటి పేర్చిన ఆల్బంలో ఏ చెయ్యి ఏం చేస్తోందో అర్థం కాదు. నాలుగవది శ్రుతి. రికార్డు అర్ధస్వరం దిగువ శ్రుతిలో ఉన్నప్పుడు ఆ సంగతి తెలియని విద్యార్థి తన వేళ్లదే తప్పనుకుని రోజులు పోగొట్టుకుంటాడు. ఐదవది, ఆల్బం మొదటి నుంచి చివరి దాకా నిలుస్తుందా, లేక రెండు పాటల మీదే బతుకుతోందా అన్నది.

వినడానికే ఎంచుకునేవారికి మొదటిదీ ఐదవదీ ముఖ్యం, వాయించదలచినవారికి మూడవదీ నాలుగవదీ ముఖ్యం. ఈ తేడాను పట్టించుకోకుండా అందరికీ ఒకే ఆల్బం సూచించడం వల్లనే చాలామంది మొదటి నెలలోనే గిటార్‌ను మూల పెడుతున్నారని నా నమ్మకం.

ఇంకొక్క మాట. రాక్ గిటారిస్టులు ఎక్కువగా వాడే మైనర్ పెంటాటోనిక్ స్కేలు మనకు కొత్తది కాదు. షడ్జం, సాధారణ గాంధారం, శుద్ధ మధ్యమం, పంచమం, కైశికి నిషాదం కలిస్తే అది శుద్ధ ధన్యాసి స్వరాల వరుసే. తీగను ఫ్రెట్ (గిటార్ మెడ మీది మెట్టు) మీద పక్కకు లాగి స్వరాన్ని పైకి ఎత్తే బెండింగ్ కూడా వీణ మెట్టు మీద తీగ లాగడం వంటిదే. గమకాల తీరు, రాగభావం పూర్తిగా వేరన్నది నిజమే అయినా, కర్ణాటక సంగీతం కాస్త తెలిసినవారికి ఈ ఆల్బంలలోకి అడుగుపెట్టడానికి ఇది మంచి దారి. అందుకే అవసరమైన చోట స్వరాల పేర్లే వాడుతున్నాను.

| ఆల్బం | ఏడాది | గిటారిస్టు | గిటార్ల అమరిక | శ్రుతి | వాయించడానికి |
|---|---|---|---|---|---|
| ఆర్ యూ ఎక్స్‌పీరియన్స్‌డ్ | 1967 | జిమీ హెండ్రిక్స్ | ఒక్కరే, పొరలు ఎక్కువ | చాలావరకు సాధారణం | కష్టం |
| లెడ్ జెప్పెలిన్ | 1969 | జిమీ పేజ్ | ఒక్కరే, అక్కడక్కడ పొరలు | సాధారణం, ఒక పాటకు ప్రత్యేకం | మధ్యస్థం |
| బ్లాక్ సబ్బాత్ | 1970 | టోనీ అయోమీ | ఒక్కరే | సాధారణం | సులువు నుంచి మధ్యస్థం |
| మార్కీ మూన్ | 1977 | టామ్ వెర్లైన్, రిచర్డ్ లాయిడ్ | ఇద్దరు, అల్లికగా | సాధారణం | ఇద్దరుంటే మధ్యస్థం |
| వాన్ హేలెన్ | 1978 | ఎడ్డీ వాన్ హేలెన్ | ఒక్కరే, పొరలు తక్కువ | అర్ధస్వరం దిగువ | చాలా కష్టం |
| డైర్ స్ట్రెయిట్స్ | 1978 | మార్క్ నాప్లర్, డేవిడ్ నాప్లర్ | ఇద్దరు, ఒకరు వెనుక | సాధారణం | మధ్యస్థం నుంచి కష్టం |
| అపెటైట్ ఫర్ డిస్ట్రక్షన్ | 1987 | స్లాష్, ఇజీ స్ట్రాడ్లిన్ | ఇద్దరు, సమానంగా | అర్ధస్వరం దిగువ | మధ్యస్థం |

ఆర్ యూ ఎక్స్‌పీరియన్స్‌డ్

సియాటెల్‌లో పుట్టిన జిమీ హెండ్రిక్స్ అమెరికాలో లిటిల్ రిచర్డ్, ఇస్లీ బ్రదర్స్ వంటివారి వెనుక నిలబడి వాయించేవారు. 1966 సెప్టెంబరులో ఛాస్ ఛాండ్లర్ అనే బ్రిటిష్ సంగీతకారుడు ఆయనను లండన్‌కు తీసుకువెళ్లారు. అక్కడ నోయెల్ రెడింగ్ బాస్‌తో, మిచ్ మిచెల్ డ్రమ్స్‌తో బృందం ఏర్పడింది. ఈ ఆల్బం 1967 మే నెలలో బ్రిటన్‌లో విడుదలైంది. అంటే ఆయన అక్కడ దిగిన ఎనిమిది నెలలకే ఇంగ్లండ్‌లోని గిటారిస్టులందరూ తమ వాదనను మొదటి నుంచి సరిచూసుకోవలసి వచ్చింది.

హెండ్రిక్స్‌ది ఎడమచేతి వాటం. కుడిచేతివారి కోసం చేసిన స్ట్రాటోకాస్టర్ అనే రకం ఎలక్ట్రిక్ గిటార్‌ను తలకిందులుగా పట్టుకుని, తీగలను తన చేతికి అనువుగా తిరిగి కట్టుకుని వాయించేవారు. పొడవైన వేళ్లు కావడంతో బొటనవేలిని గిటార్ మెడ పైనుంచి తెచ్చి మంద్ర తీగను నొక్కేవారు. దాంతో మిగతా నాలుగు వేళ్లూ స్వేచ్ఛగా మిగిలి, కార్డ్ (ఒకేసారి మోగే కొన్ని స్వరాల కూర్పు) మోగుతూ ఉండగానే దాని లోపలి నుంచి చిన్న చిన్న స్వరాల పలుకులు పుట్టేవి. తాళం చూసుకునే గిటార్, రాగం చూసుకునే గిటార్ అని రెండు వేరువేరు ఉద్యోగాలు ఉన్నాయనుకునే రోజుల్లో ఆ రెండూ ఒక్క చేతిలో కలిసిపోయాయి. ఈ ఆల్బంను గొప్పదనడానికి చాలామంది చెప్పే కారణం దాని మోత. నేను మాత్రం ఈ కలయికనే చెబుతాను.

ఒక్క కార్డ్‌ను దగ్గరగా చూద్దాం. అమెరికా ప్రచురణ మొదటి పాట 'పర్పుల్ హేజ్'లో వచ్చే కార్డ్‌కు ఇప్పుడు హెండ్రిక్స్ కార్డ్ అనే పేరు స్థిరపడింది. ఈ (E) అనే స్వరాన్ని షడ్జంగా తీసుకుంటే అందులో అంతర గాంధారమూ, దానికి అర్ధస్వరం దిగువ స్థానమూ రెండూ ఒకేసారి మోగుతాయి. నాట రాగపు ఆరోహణలో షట్‌శ్రుతి రిషభంగా, అంతర గాంధారంగా ఒకదాని వెనుక ఒకటి వచ్చే ఆ రెండు స్థానాలనే ఇక్కడ ఆయన ఒకదాని మీద ఒకటి నిలబెట్టారు. ఆ రెండింటి మధ్య ఒరిపిడి చెవికి కాస్త గుచ్చుకుంటుంది, అయినా మళ్లీ వినాలనిపిస్తుంది. హెండ్రిక్స్‌కు ముందే జాజ్‌లో ఈ కార్డ్ ఉంది. దాన్ని పాటకు వెన్నెముక చేసి, డిస్టార్షన్‌లో (ధ్వనిని కావాలని గరుకుగా చేయడంలో) ముంచి, వీధి దాకా తెచ్చినది ఆయనే.

నేర్చుకునేవారికి మాత్రం కొన్ని చిక్కులున్నాయి. వెనక్కి తిప్పిన టేపులు, ఆంప్ (ధ్వనిని పెంచే యాంప్లిఫైయర్) నుంచి వచ్చే ధ్వని మళ్లీ గిటార్‌లోకి చేరి పుట్టే ఫీడ్‌బ్యాక్, నాలుగు ట్రాకుల యంత్రంలో ఒకదాని మీద ఒకటి నింపిన పొరల వల్ల ఏది వేలితో పుట్టిన శబ్దమో, ఏది యంత్రంతో పుట్టిన శబ్దమో తేల్చుకోవడం కష్టం. మొదటి కొలమానంలో ఈ ఏడింటిలోనూ దీనికి సాటి లేదు. మూడవ కొలమానంలో మాత్రం ఇది చివరి వరుసలో నిలుస్తుంది.

బ్లాక్ సబ్బాత్

టోనీ అయోమీది కూడా ఎడమచేతి వాటమే. బర్మింగ్‌హామ్‌లోని రేకుల కార్ఖానాలో పని మానేస్తున్న చివరి రోజున, 17వ ఏట, యంత్రంలో చేయి పడి కుడిచేతి నడిమి వేలు, ఉంగరపు వేలు చివరలు తెగిపోయాయి. ఆయనకు అది తీగలు నొక్కే చెయ్యి. ఇక వాయించడం కుదరదనుకుంటున్న సమయంలో, రెండు వేళ్లతోనే ఘనంగా వాయించిన జాజ్ గిటారిస్టు జాంగో రైన్‌హార్ట్ రికార్డును కార్ఖానా పెద్ద ఒకరు ఆయనకు వినిపించారు. అయోమీ ప్లాస్టిక్ సీసాను కరిగించి వేలి చివరలకు తొడుగులు చేసుకుని, వాటి మీద తోలు అతికించుకుని, సన్నని తీగలు కట్టుకుని మళ్లీ మొదలుపెట్టారు. తొడుగుల్లోంచి తీగ స్పర్శ తెలియదు కాబట్టి నిండైన కార్డ్‌లకు బదులు రెండు మూడు తీగల మీద బరువుగా నిలిచే పలుకులు ఆయన చేతిలో రూపుదిద్దుకున్నాయి. హెవీ మెటల్ గిటార్ పుట్టుకకు కారణాలు ఇంకా ఉన్నాయి గానీ, ఈ చేతి సంగతి విడిచిపెట్టి ఆ కథ చెప్పలేము.

1969 అక్టోబరులో ఒక్కరోజులో రికార్డు చేసిన ఈ ఆల్బం 1970 ఫిబ్రవరి 13న, శుక్రవారం నాడు వెలువడింది. మొదట వర్షం, దూరంగా గంట మోత, ఆ వెంటనే గిటార్ మూడే మూడు స్వరాలు పలుకుతుంది. గిటార్ దగ్గర ఉన్నవారు ఇప్పుడే వాయించి చూడండి. ఐదవ తీగ మీద పదవ ఫ్రెట్, మూడవ తీగ మీద పన్నెండవ ఫ్రెట్, ఆ తరువాత నాలుగవ తీగ మీద పదకొండవ ఫ్రెట్. షడ్జం, తారషడ్జం, అక్కడి నుంచి దిగి ప్రతి మధ్యమం. మూడవ స్వరాన్ని వణికిస్తూ నిలబెట్టాలి.

ప్రతి మధ్యమం మనకు కొత్త కాదు, కల్యాణిలో ఎంత మంగళకరంగా వినిపిస్తుందో అందరికీ తెలుసు. ఇక్కడ భయం ఎక్కడి నుంచి వచ్చిందంటే, కల్యాణిలో దానికి ఇటు గాంధారం, అటు పంచమం తోడుగా ఉంటాయి. అయోమీ ఆ రెండింటినీ తీసేసి, మధ్యమాన్ని ఒంటరిగా, షడ్జం ఎదుట, ఎటూ వెళ్లనివ్వకుండా నిలబెట్టారు. పైగా చాలా నెమ్మదైన కాలప్రమాణం. మూడు స్వరాలతో ఇంత పని జరుగుతుందని తెలియడమే నేర్చుకునేవారికి పెద్ద ధైర్యం.

ఈ ఆల్బంకు ఇంకొక సదుపాయం కూడా ఉంది. అయోమీ తరువాతి రోజుల్లో గిటార్ శ్రుతిని బాగా దించుకున్నారు గానీ, తొలి ఆల్బం సాధారణ శ్రుతిలోనే ఉంది. రికార్డు పెట్టుకుని పక్కన కూర్చుని వాయించవచ్చు. లోపం చెప్పాలంటే, రెండవ వైపు సాగే పొడవైన సోలోలలో (గిటార్ ఒక్కటే ముందుకు వచ్చి వాయించే భాగాలలో) దారి తప్పిన చోట్లు ఉన్నాయి; ఒక్కరోజు పని అని అక్కడ తెలిసిపోతుంది. ఐదవ కొలమానంలో మార్కులు తగ్గేది అందుకే.

లెడ్ జెప్పెలిన్

జిమీ పేజ్ ఈ ఆల్బం చేసేనాటికి 24 ఏళ్లవారు. అప్పటికే లండన్ స్టూడియోల్లో ఎందరి పాటలకో కూలికి గిటార్ వాయించి, యార్డ్‌బర్డ్స్ బృందంలో ఉండి వచ్చినవారు. నిర్మాతా ఆయనే. తరువాతి కాలంలో ఆయన పేరు లెస్ పాల్ గిటార్‌తో ముడిపడింది గానీ, ఇక్కడ ఎక్కువగా వినిపించేది గిటారిస్టు జెఫ్ బెక్ ఆయనకు ఇచ్చిన టెలికాస్టర్ గిటార్. గిటార్‌ను మీటకుండా వయొలిన్ కమానుతో రాపిడి చేసి వాయించడం, ఒకే పాటలో మెత్తని అకౌస్టిక్ గిటార్‌ నుంచి ఉరుము లాంటి ఎలక్ట్రిక్ గిటార్‌కు దూకడం వంటి వైవిధ్యం ఈ ఏడింటిలో మరెక్కడా ఇంత లేదు.

తెలుగు పాఠకులకు ప్రత్యేకంగా చెప్పదగినది 'బ్లాక్ మౌంటెన్ సైడ్' అనే రెండు నిమిషాల వాద్యగీతం. విరామ్ జసానీ తబలా వాయించారు. ఈ గీతపు శ్రుతి కోసం గిటార్‌లో ఒకటి, రెండు, ఆరవ తీగలను ఒక్కో పూర్తి స్వరం (రెండు ఫ్రెట్లంత) దించితే మంద్రం నుంచి వరుసగా షడ్జం, పంచమం, షడ్జం, మధ్యమం, పంచమం, షడ్జం వస్తాయి. ఏ వేలూ పెట్టకుండా ఆరు తీగలూ మీటితే తంబురా గుర్తుకు వస్తుంది. వీణ, వయొలిన్ నేర్చినవారు ఈ శ్రుతిలో పది నిమిషాలు కూర్చుంటే గిటార్ మీద బెరుకు పోతుంది. కార్డ్‌ల ఆకారాలు బట్టీ పట్టకుండానే రాగం పలికించవచ్చు. అయితే ఈ వాదన గిటారిస్టు బర్ట్ జాన్ష్ అంతకుముందు రికార్డు చేసిన జానపద గీతాన్ని చాలా దగ్గరగా అనుసరించిందన్న మాటా చెప్పాలి.

ఆ మాట ఆల్బం మొత్తానికీ వర్తిస్తుంది. ఇతరుల బ్లూస్ (అమెరికా నల్లజాతీయుల సంప్రదాయ సంగీతం) పాటలు, జానపద గీతాలు ఇందులో చాలా ఉన్నాయి. కొన్నింటికి మూలకర్తల పేర్లు మొదట్లో సరిగా వేయలేదు. 'బేబ్ ఐయామ్ గానా లీవ్ యూ' రాసిన ఆన్ బ్రెడన్ పేరు చేర్చింది 1990లో. వాదన మీద నాకున్న గౌరవం దీనివల్ల తగ్గలేదు గానీ, ఎవరి సొత్తు ఎవరిదో తెలుసుకుని వినడం శ్రోతగా మన బాధ్యత. ఇక ఆ పాట విషయానికి వస్తే, అకౌస్టిక్ గిటార్ మాత్రమే ఉన్నవారికి ఇంతకన్నా మంచి పాఠం ఈ జాబితాలో లేదు. ఏ మైనర్ (A minor) కార్డ్‌ను ఒక్కో తీగగా మీటుతూ ఉంటే మంద్ర స్వరం మెట్టు మెట్టుగా దిగుతుంది. కుడిచెయ్యి ఆగకూడదు, అదొక్కటే నియమం.

వాన్ హేలెన్

ఆమ్‌స్టర్‌డామ్‌లో పుట్టి, 1962లో కుటుంబంతో కాలిఫోర్నియాకు చేరిన ఎడ్డీ వాన్ హేలెన్ తన గిటార్ తానే కూర్చుకున్నారు. 50 డాలర్ల లోపమున్న చెక్క దేహం, 80 డాలర్ల మెడ, పాత గిబ్సన్ గిటార్ నుంచి తీసిన పికప్ (తీగ కంపనాన్ని విద్యుత్ సంకేతంగా మార్చే భాగం), వీటి మీద సైకిల్ రంగు స్ప్రే. 1978 ఫిబ్రవరి 10న వెలువడిన ఈ ఆల్బంలో రెండవ అంశం 'ఇరప్షన్', నిడివి 1 నిమిషం 42 సెకన్లు. కచేరీకి చెయ్యి వేడెక్కించుకుంటూ ఆయన వాయిస్తున్నది విని నిర్మాత టెడ్ టెంపుల్‌మన్ ఆల్బంలో చేర్చారు.

దాని చివరి భాగంలో వచ్చే ట్యాపింగ్‌ను (మీటే చేతి వేలితో ఫ్రెట్ మీద కొట్టి వాయించడాన్ని) నిదానంగా చూస్తే అర్థమవుతుంది. రెండవ తీగ మీద ఎడమచేతి చూపుడు వేలు రెండవ ఫ్రెట్ దగ్గర ఉంటుంది. కుడిచేతి వేలు తొమ్మిదవ ఫ్రెట్ మీద కొట్టి లాగుతుంది, రెండవ ఫ్రెట్ స్వరం మోగుతుంది, వెంటనే ఎడమచేతి చిటికెన వేలు ఐదవ ఫ్రెట్ మీద పడుతుంది. మూడు స్వరాలు, ఒకే తీగ, తిశ్ర గతి. నెమ్మదిగా వాయిస్తే బాలపాఠంలో అలంకారం వలె ఉంటుంది. వేగం పెరిగిన కొద్దీ గిటార్ అన్న సంగతే మరచిపోయేంతగా మారిపోతుంది. కుడిచేతితో ఫ్రెట్ మీద కొట్టడం ఎడ్డీకి ముందే కొందరు చేశారు. కానీ 1978 తరువాత పదేళ్లపాటు కుర్రవాళ్లందరూ ఈ ఒక్క పని నేర్చుకోవడానికే గిటార్ పట్టుకున్నారంటే ఆ ఘనత ఈ 1 నిమిషం 42 సెకన్లదే.

వినేవారికి ఒక చిన్న చిట్కా. ఈ ఆల్బంలో గిటార్‌ను ఎడమవైపుకు పెట్టి, దాని ప్రతిధ్వనిని కుడివైపుకు వదిలారు. ఇయర్‌ఫోన్‌లో ఎడమదాన్ని మాత్రమే ఉంచుకుంటే దాదాపు ఎడ్డీ పక్కన కూర్చున్నట్టే ఉంటుంది. గిటార్ పొరలు చాలా తక్కువ కాబట్టి మూడవ కొలమానంలో దీనికి పూర్తి మార్కులు.

అయినా కొత్తవారికి దీన్ని మొదటి ఆల్బంగా సూచించను. నేను చేసిన పొరపాటే దానికి కారణం. బెండింగ్ శ్రుతిలో పడకముందే, తాళం నిలవకముందే ట్యాపింగ్ వెంట పడ్డాను. నెలల తరువాత ఆ మూడు స్వరాలు వేగంగా వచ్చాయి గానీ, ఒక నెమ్మదైన పాటలో ఒక్క స్వరాన్ని నిలబెట్టమంటే నా చెయ్యి నిలవలేదు. నిజానికి ఎడ్డీ గొప్పతనం సోలోల కన్నా రిఫ్‌లలో (పాటలో మళ్లీ మళ్లీ వచ్చే చిన్న గిటార్ పలుకుల్లో), పాటలోని రెండు పంక్తుల మధ్య వచ్చే చిన్న చిన్న విరుపుల్లో ఎక్కువ ఉంది. దాన్ని చెవి పట్టుకోవడానికి కొంత వయసు కావాలి.

డైర్ స్ట్రెయిట్స్

1978లోనే, గిటార్ అంటే గట్టిగా మోగాలనుకునే కాలంలో, మార్క్ నాప్లర్ దాదాపు డిస్టార్షన్ లేని స్ట్రాటోకాస్టర్‌తో వచ్చారు. పిక్ (తీగలు మీటే చిన్న బిళ్ల) వాడకుండా బొటనవేలు, చూపుడు వేలు, నడిమి వేలుతో మీటారు. ప్రతి మీటుకూ బలం వేరు, రంగు వేరు, మాట్లాడుతున్నట్టు ఉంటుంది. వీణ మీటడానికి అలవాటుపడిన చేతికి ఈ ఆల్బం సొంత ఇల్లులా అనిపిస్తుందని నా అభిప్రాయం. అక్కడ తంత్రులను మీటేది కూడా చూపుడు, నడిమి వేళ్లే.

'సుల్తాన్స్ ఆఫ్ స్వింగ్'లో డీ మైనర్ (D minor) నుంచి మెట్లు దిగుతూ ఏ మేజర్‌కు (A major) చేరే కార్డ్‌ల వరుస ఉంది. నఠభైరవి స్వరాల్లో నడుస్తూ ఏ మేజర్ దగ్గర కాకలి నిషాదం తగలగానే ఒక్క క్షణం కీరవాణి నీడ పడుతుంది. నాప్లర్ వేళ్లు ఆ మార్పును ప్రతిసారీ గుర్తుపెట్టుకుని పలికిస్తాయి. కార్డ్ మారినప్పుడు సోలో కూడా మారాలన్న పాఠం దీనికన్నా బాగా నేర్పే రికార్డు నాకు తెలియదు. ఆల్బంలో మిగతా పాటలు నెమ్మది స్వభావం గలవి. ఉద్రేకం కోరుకునేవారికి చప్పగా అనిపించవచ్చు.

మార్కీ మూన్

న్యూయార్క్ బృందం టెలివిజన్ 1977లో చేసిన ఈ ఆల్బంలో టామ్ వెర్లైన్, రిచర్డ్ లాయిడ్ ఇద్దరూ సమాన గిటారిస్టులు. ఒకరు రెండు స్వరాలను వదలకుండా పలికిస్తుంటే, మరొకరు ఆ ఖాళీల్లో తన పలుకు పెడతారు. రెండూ కలిస్తేనే ఒక వాక్యం పూర్తవుతుంది. బ్లూస్ మీద ఆధారపడకుండా రాక్ సోలో సుదీర్ఘంగా ఎలా నడుస్తుందో ఆల్బం పేరే గల పది నిమిషాల పాట చూపిస్తుంది. స్నేహితుడితో కలిసి సాధన చేసేవారికి ఇది వెలకట్టలేనిది. ఒంటరిగా వాయించేవారికి సగమే దక్కుతుంది.

అపెటైట్ ఫర్ డిస్ట్రక్షన్

గన్స్ ఎన్ రోజెస్ తొలి ఆల్బం 1987 జులై 21న వచ్చింది. అమెరికాలో ఆల్బంల జాబితాలో మొదటి స్థానానికి ఎక్కడానికి దాదాపు ఏడాది పట్టింది. స్లాష్ కొత్త పద్ధతి ఏదీ కనిపెట్టలేదు కాబట్టి మొదటి కొలమానంలో ఇది వెనుకబడుతుంది. ఆయన చేసినది వేరు. ప్రతి సోలోనూ కూనిరాగంగా పాడుకోగలిగేటట్టు కట్టారు. వేళ్ల వ్యాయామంగా మొదలైన ఒక పలుకు 'స్వీట్ చైల్డ్ ఓ మైన్'కు ఆరంభమైన కథ ప్రసిద్ధమే. ఇజీ స్ట్రాడ్లిన్‌ను మాత్రం చాలామంది మరచిపోతారు. ఆయన తక్కువ స్వరాలతో, కాస్త వదులుగా వాయించే తాళపు గిటారే స్లాష్‌కు నిలబడే నేల ఇచ్చింది. బృందంలో రెండవ గిటార్ వాయించబోయేవారు ఈ ఆల్బంను స్లాష్ కోసం కాక ఇజీ కోసం వినాలి.

ఇదీ వాన్ హేలెన్ ఆల్బం వలెనే అర్ధస్వరం దిగువ శ్రుతిలో ఉంది. ఆరు తీగలనూ అర్ధస్వరం దించుకున్నాకే రికార్డుతో కలిపి వాయించండి.

జాబితాలోకి రానివి

బోస్టన్ బృందం 1976 ఆల్బంలో టామ్ షోల్జ్ తన ఇంటి నేలమాళిగలో చేసిన జంట గిటార్లు అద్భుతమే గానీ, అక్కడ చేతి పని కన్నా రికార్డింగ్ పని ఎక్కువ. స్టీవీ రే వాన్ 1983 ఆల్బం 'టెక్సస్ ఫ్లడ్' వాదనలో ఎవరికీ తీసిపోదు. అది పూర్తిగా బ్లూస్ కాబట్టి వేరే పోలికకు వదిలాను. 1992లో రేజ్ ఎగెనెస్ట్ ది మెషీన్ ఆల్బంలో టామ్ మొరెల్లో గిటార్‌తో చేసిన ధ్వనులు ఎనిమిదవ స్థానానికి తగినవి. ఈ ఏడింటిలో మూడు నచ్చిన తరువాత దాన్ని వినండి.

ఎవరికి ఏది

వాయించే ఉద్దేశం లేకుండా వినదలచినవారు ఆర్ యూ ఎక్స్‌పీరియన్స్‌డ్‌తోనే మొదలుపెట్టాలి. దాని తరువాత వచ్చిన ఆల్బంలన్నింటిలోనూ దాని నీడ కనిపిస్తుంది కాబట్టి ముందు అసలును వినడం న్యాయం. పాత రాక్ ధ్వని చెవికి ఇంకా అలవాటు కాకపోతే అపెటైట్ ఫర్ డిస్ట్రక్షన్ వినండి. అక్కడి రికార్డింగ్ ఈనాటి చెవికి దగ్గరగా ఉంటుంది.

ఎలక్ట్రిక్ గిటార్, చిన్న ఆంప్ ఉండి ఆరు నెలల సాధన దాటినవారికి నా మొదటి సూచన బ్లాక్ సబ్బాత్. గొప్పతనంలో హెండ్రిక్స్ ఆల్బం పైనే ఉంటుంది. కానీ గొప్పదాన్నీ ముందు పట్టవలసినదాన్నీ ఒకటిగా చూడకూడదు. సబ్బాత్ రిఫ్ మొదటి వారంలోనే చేతికి వస్తుంది, రికార్డుతో కలిసి మోగుతుంది, మళ్లీ గిటార్ తీయాలనిపిస్తుంది. దానితో పాటు రోజూ ఒక్క పని చేయండి. మూడవ తీగ మీద తొమ్మిదవ ఫ్రెట్ స్వరం విని, ఏడవ ఫ్రెట్ దగ్గర తీగను లాగి ఆ స్వరానికే చేర్చండి. బెండింగ్ శ్రుతిలో పడేదాకా వాన్ హేలెన్ వైపు చూడవద్దు.

అకౌస్టిక్ గిటార్ మాత్రమే ఉన్నవారికి లెడ్ జెప్పెలిన్ తప్ప ఈ జాబితాలో మరో దారి దాదాపు లేదు. కర్ణాటక సంగీతం నేర్చినవారి విషయంలో నేను చాలాసేపు తటపటాయించాను. శ్రుతి అమరిక వల్ల జెప్పెలిన్, మీటే వేళ్ల వల్ల డైర్ స్ట్రెయిట్స్, రెండూ తగినవే. వీణ వారికి డైర్ స్ట్రెయిట్స్, వయొలిన్ వారికి జెప్పెలిన్ అని చివరికి తేల్చుకున్నాను. వయొలిన్ వారికి మీటడం ఎలాగూ కొత్తే కాబట్టి, తెలిసిన శ్రుతి ఉన్న చోట మొదలుపెట్టడం మేలు.

నాలుగైదేళ్లుగా వాయిస్తూ ఎదుగుదల ఆగిపోయిందనుకునేవారు మార్కీ మూన్ తీసుకోండి, తోడుగా ఇంకొకరిని పిలవండి. వేగం మీద మనసున్నవారు వాన్ హేలెన్‌లో 'ఇరప్షన్' కన్నా ముందు 'ఎయింట్ టాకిన్ బౌట్ లవ్' రిఫ్ పట్టండి. అది ఏ మైనర్ (A minor) కార్డ్ ఆకారం చుట్టూ తిరుగుతుంది కాబట్టి చేతికి అందుతుంది.

చివరగా, హెండ్రిక్స్ ఆల్బం కొనేటప్పుడు ఏ ప్రచురణో చూసుకోండి. బ్రిటన్‌లో వచ్చినదానిలో 'పర్పుల్ హేజ్', 'హే జో', 'ద విండ్ క్రైస్ మేరీ' లేవు. అమెరికాలో వచ్చినదానిలో ఇవి మూడూ ఉండి, బదులుగా 'రెడ్ హౌస్' అనే బ్లూస్‌తో పాటు మరో రెండు పాటలు పోయాయి. తరువాతి కాలపు సీడీలలో రెండింటి పాటలూ కలిపి ఇచ్చారు. పాత ఎల్పీ మీదే మనసుంటే, వినేవారు అమెరికా ప్రచురణనూ, వాయించేవారు 'రెడ్ హౌస్' కోసం బ్రిటన్ ప్రచురణనూ ఎంచుకోవచ్చు. ఆ పాటలో గిటార్ ఎంతో విడిగా, నిదానంగా వినిపిస్తుంది.